కడవలు దింపే రాయి

పోయిన నెల తాడిపత్రి బస్టాండులో కండక్టరు చెప్పాడు. బస్సు కదలబోతూంటే ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, "మీ నీరుగంటి పోయినాడు సార్. రెండు నెల్లాయె. మీకెవురూ చెప్పలేదా?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆయనకు చుట్టాన్ని కాను, ఆ ఊరివాణ్ని కూడా కాను. ఈ పదేళ్లలో ఎనిమిదిసార్లు పొద్దున ఆ బస్సెక్కి, ఆ ఊరి దారి దగ్గర దిగి, సాయంత్రానికి మళ్లీ అదే బస్సులో తిరిగివచ్చిన మనిషిని మాత్రమే. ఆ రోజు కూడా ఆయన్ను చూడటానికే బయలుదేరాను. ఇక ఎక్కడానికి కారణం లేక, బస్సు వెళ్లిపోతూంటే దుమ్ములో నిలబడి చూశాను.

ఆయన పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. పెన్న ఒడ్డున పాత కోట గోడలూ, సగంలో ఆపేసిన గోపురమూ, నదిలోకి మెట్లు దిగే మంటపమూ ఉన్న ఊరు అంటే చాలు. పెన్న పొడవునా అటువంటి ఊళ్లు చాలా ఉన్నాయి కనుక ప్రమాదం లేదు. ఊరి పేరు ఒకసారి రాశాను. బాగా రాశావని నలుగురూ మెచ్చుకున్నారు కూడా. ఆ సంగతికే వస్తున్నాను.

నీరుగంటి అంటే చెరువు తూము తీసేవాడు, మూసేవాడు, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేవాడు. తరతరాలుగా ఒకే ఇంటివాళ్లు చేసే పని. నేను ఆయన్ను మొదట చూసేనాటికి ఆ ఊరి చెరువు నిండి ఏడేళ్లయింది. అయినా ఆయన తెల్లవారగానే భుజాన పార వేసుకుని ఎండిన కాలువ వెంబడి పోయేవాడు. మేటవేసిన ఇసక ఎత్తిపోసేవాడు, తుమ్మ మొలకలు పీకేవాడు, మేకలు తొక్కి కూల్చిన గట్టు సరిచేసేవాడు. ఊళ్లో నవ్వేవాళ్లు. నీళ్లు లేని కాలువకు ఈ ఊడిగం దేనికని నేను కూడా ఒకసారి నవ్వుతూ అడిగాను. "నీళ్లొచ్చినాక తవ్వుకుంటామా ఐవారూ? వచ్చేదానికి దావ ఉండాల గదా" అన్నాడు. మా వైపు బడిపంతులును ఐవారు అంటారు. పెళ్లిళ్లకు పోయినా ఆయన భుజాన పార ఉండేదట. పెళ్లివారి గడప బయట చెప్పులతో పాటు పారను కూడా విడిచి లోపలికి పోయేవాడని ఆయన భార్య చెప్పింది.

ఇంకో అలవాటు. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పడు. "ఊరనీ" అంటాడు. మీ వయసెంత? ఊరనీ. ఈ ఏడు వానలు పడతాయా? ఊరనీ. కొన్నిటికి ఒక పూట తర్వాత జవాబు వచ్చేది. వయసు సంగతి మాత్రం పదేళ్లయినా రాలేదు.

ఆయన్ను మొదట కలిసిన రోజు గురించి చెప్పాలంటే ముందు నా గురించి చెప్పాలి. అది అంత ముచ్చటైన విషయం కాదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. చరిత్రలో బి.ఏ. ప్యాసై తాడిపత్రిలో ఒక హైస్కూల్లో చేరి ఏడాది కాలేదు. జిల్లా చరిత్రంతా నా కోసమే కాచుకుని ఉందని నా నమ్మకం. శాసనాల మీద ఒక పుస్తకం చదివాను. రెండో పుస్తకం చదివి ఉంటే ఆ నమ్మకం కొంచెం తగ్గేదేమో, అది నాకు దొరకలేదు. మద్రాసు నుంచి తెప్పించుకున్న సోలా టోపీ ఒకటి, భూతద్దం ఒకటి, కొలతకు టేపు ఒకటి సంపాదించి, ఒక ఎండాకాలం ఆదివారం ఆ ఊరికి బయలుదేరాను.

సంచిలో అన్నీ పెట్టుకున్నాను, నీళ్లు తప్ప. నది ఒడ్డున ఉన్న ఊరికి నీళ్లు మోసుకుపోవడం ఏమిటనుకున్నాను. నేను పుట్టింది ఈ జిల్లాలోనే. ఎండాకాలం పెన్నలో ఇసక తప్ప ఏమీ ఉండదని మా ఇంట్లో దూడకు కూడా తెలుసు. అయినా పుస్తకంలో 'పినాకినీ తీరమున వెలసిన' అని చదివేసరికి కళ్లతో చూసిన సంగతి మరిచిపోయాను. చదువు మనిషిని ఎంత మార్చగలదో పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఈ ఉదాహరణ మాత్రం ఇవ్వను.

బస్సు దిగి రెండు మైళ్లు నడిచి మంటపం చేరేసరికి బూట్ల నిండా ఇసక, టోపీ నిండా చెమట. మంటపం మెట్ల పక్కన గానుగ చెట్టు నీడలో నున్నటి బండ ఒకటి కనిపించింది. నిలువెడు పొడుగు, మూరన్నర వెడల్పు. దాని మీద కూలబడి బిస్కెట్లు తిన్నాను. అవి గొంతులో నిలిచిపోయాయి. ఎదురుగా పెన్న ఒక మైలు వెడల్పున తెల్లగా ఎండుతూ ఉంది. నది మధ్య నుంచి ఆడవాళ్లు నెత్తిన కడవలు పెట్టుకుని ఒక వరసలో వస్తున్నారు. వచ్చి నా ముందు నిలబడ్డారు. నన్నే చూస్తూ నిలబడ్డారు. నా టోపీని చూస్తున్నారనుకుని కొంచెం సర్దుకుని, "ఈ ఊళ్లో శాసనాలేమైనా ఉన్నాయా అమ్మా? అంటే రాతి మీద చెక్కిన అక్షరాలు" అని అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జనానికి చరిత్ర మీద శ్రద్ధ లేదని మనసులో విచారించాను.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "లేయప్పా. ఆడోళ్లు కడవలు దించుకోవాల."

లేచి చూశాను. పొట్టి మనిషి. తలకు మురికి గుడ్డ, భుజాన పార, మోకాలి దాకా తడి ఇసక. నేను లేవగానే ఆడవాళ్లు కడవలు బండ మీద దింపి, మెడలు సవరించుకుని, మళ్లీ ఎత్తుకుని మెట్లెక్కి పోయారు. వాళ్లు పోగానే నేను మళ్లీ బండ మీద కూర్చుని శాసనాల ప్రశ్న ఆయన్ను అడిగాను. ఆయన నన్నూ, బండనూ, మళ్లీ నన్నూ చూశాడు.

"ఊరనీ" అన్నాడు. "ముందు నీళ్లు తాగుతువు రా."

నది మధ్యకు తీసుకుపోయాడు. మడమతో ఇసకను అక్కడక్కడా నొక్కి చూసి, ఒకచోట గుప్పెడు ఇసక తీసి వాసన చూసి, "ఈడ" అని పార దింపాడు. మోకాలి లోతు తవ్వగానే అడుగున నీళ్లు ఊరటం మొదలుపెట్టాయి. చెలమ అంటే ఇదే. దాని దగ్గర కొన్ని పద్ధతులున్నాయని నాకు తెలియదు. మొదట ఊరిన బురదనీళ్లు తోడి పోయాలి. తరువాత దూరంగా కూర్చోవాలి. తేరుకునేదాకా కదలకూడదు. నేను ఆవురావురుమంటూ బూట్లతో అంచుకు పోయి వంగాను. ఒక వైపు గోడ మొత్తం కూలి చెలమ పూడిపోయింది.

ఆయన అయిదడుగులు పక్కకు జరిగి మళ్లీ తవ్వాడు. ఈసారి నేను బూట్లు విప్పి, బెంచీ ఎక్కించిన పిల్లవాడిలాగా దూరంగా నిలబడ్డాను. పావుగంట గడిచాక టెంకాయ చిప్పతో నీళ్లు ముంచి నా దోసిట్లో పోశాడు. ఆ నీళ్ల రుచి ఎలా ఉందో నాకు చెప్పడం చేతకాదు. నాలుగు దోసిళ్లు తాగి, ఇంకో నాలుగు తాగాను.

ఆ పగలంతా ఆయన నన్ను ఊరు తిప్పాడు. కోట గోడ చూపించాడు. ఆ గోడను ఎవరు ఎందుకు కట్టారో ఆయనకు నేను వివరించాను. గోపురం చూపించాడు. అది సగంలో ఎందుకు ఆగిపోయిందో వివరించాను. నాకు తెలియదు, అయినా వివరించాను. తూము దగ్గర నిలబడి, పూర్వం రాజులు చెరువులు ఎలా తవ్వించారో, నీళ్ల పంపకానికి నీరుగంట్లను ఎలా నియమించారో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన పార మీద గడ్డం ఆనించి, "అట్నా, అట్నా" అంటూ మొదటిసారి వింటున్నవాడిలాగా విన్నాడు. ఆయనే నీరుగంటి అని అప్పటికి నాకు తెలియదు. అడగలేదు. నాకు చెప్పడమే తప్ప అడగడం అలవాటు లేదు.

మధ్యాహ్నం తన ఇంటి ముందు ఆగి, "మా ఇంట్ల తింటావా ఐవారూ?" అన్నాడు. తింటానన్నాను. ఆయన భార్య సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి పెట్టింది. నేను ముద్దను నములుతూంటే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నమిలేది గాదు నాయనా. అద్దుకోని మింగాల" అంది. వాళ్లింట్లో తిన్నానని తరువాత స్కూల్లో చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. అందులో చెప్పుకోవలసింది ఏముందో అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"ఈయనే ఊరి నీరుగంటి, తెలుసా?" అని ఆమె అన్నప్పుడు నా ముద్ద నిజంగానే గొంతుకు అడ్డం పడింది. ఆయన తల వంచుకుని ఊరిమిండి నాకుతున్నాడు. ఎగతాళి జాడ ఎక్కడా లేదు.

పొద్దు వాలుతూండగా మళ్లీ మంటపం దగ్గరికి వచ్చాం. ఆయన బండ పక్కన గొంతుక్కూర్చుని, "పొద్దున అచ్చరాలంటివి గదా. చేయి ఇట్లా ఇయ్యి" అన్నాడు. బండ కింద రెండు కొసలా రాళ్లు పెట్టి కొంచెం ఎత్తి ఉంచారు. ఆ సందులోకి నా చేయి తోశాడు. వేళ్లకు గాట్లు తగిలాయి. ఒక గాటు పక్కన ఇంకొక గాటు, వరసలు వరసలుగా. పొద్దున నేను శాసనం మీద కూర్చునే శాసనం ఎక్కడుందని అడిగాను.

"బోర్లా ఎందుకు పెట్టారు?" అన్నాను.

"అచ్చరాలు కనపడితే తవ్వుతారు గదప్పా. అచ్చరాల రాయి ఉంటే కింద కొప్పెరతో బంగారు ఉంటాదంటారు. ఆ కొండ కాడ రాతి బసవన్నకు పొట్ట చీల్చినారు. పక్కూర్లో దేవర రాయిని ముక్కలు చేసినారు. మా జేజినాయన, మా నాయనకు నాయన, దీన్ని బోర్లేసినాడు. ఆడోళ్లు కడవలు దించుకుంటాండారు. ఎవురడిగినా కడవలు దింపే రాయి అంటాము. ఊరంతా తెలుసు. బయటోళ్లకు చెప్పము."

ఆయన రోజూ పొద్దున కాలువకు పోయేముందు ఆ సందులో చేయి పెట్టి అక్షరాలు తడిమి పోతాడు. వాళ్ల నాయన చనిపోయిన రోజు ఒక్కసారి రాయిని తిప్పి చూశారట. తరువాత తిప్పలేదు. నేను బతిమాలాను. చరిత్ర కోసం అన్నాను, దేశం కోసం అన్నాను. నా కోసం అని మాత్రం అనలేదు, అసలు సంగతి అదే అయినా. ఆయన ఊరనీ అని, లేచి వెళ్లిపోయాడు. ఒక గంట తరువాత ఇద్దరు మనుషులతో, గడ్డపారలతో తిరిగివచ్చాడు. వెనకే ఆయన భార్య చేటలో రాగిపిండి తెచ్చింది. రాయిని తిప్పి పిండి రుద్దితే గాట్లలో పిండి నిలిచి అక్షరాలు తేలాయి. విజయనగరం నాటి తెలుగు. కష్టపడితే నాకు కూడా అర్థమయ్యేటంత దగ్గరగా ఉంది.

చదివాను. చెరువునూ కాలువనూ కాపాడుతున్న నీరుగంటికి ఆ ఊరి దొర ఇచ్చిన మాన్యం. పొలం హద్దులు. నీరుగంటి పేరు.

"మావోని పేరు ఉండాదా?" అన్నాడు. ఆ రోజు ఆయన ఆగకుండా అడిగిన మాట అదొక్కటే.

ఉంది. ఇంటిలో తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చారేమో, రాతి మీద పేరూ ఈయన పేరూ ఒకటే. అక్షరాలు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. ఆయన చూపుడువేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద తిప్పాను. మూడుసార్లు తిప్పించుకున్నాడు. "రోజూ ఈడ చేయి పెడతానే ఉండా. తెల్లేదు చూడు" అన్నాడు భార్యతో.

నోటుబుక్కులో రాసుకున్నాను. అడుగున రెండు పంక్తులు అరిగిపోయి పిండి సరిగా నిలవలేదు. బస్సు వేళ దగ్గరపడింది. అక్కడ మూడు చుక్కలు పెట్టి పుస్తకం మూశాను. రాయిని ఎప్పటిలాగే బోర్లించారు. దారి దాకా వచ్చి ఆయన అన్నాడు, "ఊరి పేరు యాడా ఎత్తద్దు ఐవారూ."

"నా మీద నమ్మకం లేదా?" అన్నాను కొంచెం నొచ్చుకుని.

"ఉండబట్టే గదా తిప్పింది" అన్నాడు.

నా మాట మూడు నెలలు నిలిచింది. వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. ఊరి పేరు లేకుండానే పంపాను, ఆ మాత్రం మంచితనం ఉండింది. ఊరి పేరు లేనిదే వేయలేమని ఆ ఎడిటరు కార్డు రాశాడు. నేను ఆ కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు మథనపడ్డానని చెప్పుకోవాలని ఉంది. పోస్టుమాను వీధి చివర తిరగకముందే జవాబు రాసి ఆయన చేతికే ఇచ్చాను. పైగా ఉత్సాహం కొద్దీ, పాఠకులు వెళ్లి చూడటానికి వీలుగా బస్సు ఎక్కడ దిగాలో, మంటపానికి ఏ వైపున, ఏ చెట్టు కింద, రాయి ఏ దిక్కుకు బోర్లా పడి ఉందో అన్నీ కలిపాను. దొంగలకు అంతకంటే వివరంగా దారి చెప్పినవాడు ఈ జిల్లాలో ఇంకొకడు లేడు.

వ్యాసం వచ్చింది. పేరు పక్కన బి.ఏ. అని అచ్చయింది. పన్నెండు కాపీలు కొన్నాను. ఒకటి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాను. ఆయన పక్కకు జరిపితే మరునాడు మళ్లీ మధ్యకు జరిపాను. మంగలి షాపులో నా గడ్డం సగం గీసి ఉండగా పైకి చదివి వినిపించాను. వింటున్నవాళ్లలో ఒకాయన రాయి ఎక్కడుందన్నది మళ్లీ చదవమన్నాడు. శ్రద్ధగల శ్రోత దొరికాడని రెండుసార్లు చదివాను.

వానాకాలం పోయాక ఒకరోజు స్కూలు ప్యూను టీ పెడుతూ, "మీరు పేపర్లో రాసిన రాయిని పగలగొట్టినారంట సార్. కింద నడుము లోతు తవ్వినారంట. ఏమీ దొరకలేదంట" అన్నాడు. ఎవరు చేశారో ఎవరికీ తెలియదన్నాడు. నాకు మాత్రం మంగలి షాపులో ఆ శ్రోత మొహం కళ్లముందు కదిలింది. అతనే అని చెప్పలేను. అతను కాకపోతే ఇంకొకడు. చదువుకున్నవాళ్లందరికీ అందేటట్టు రాశాను కదా.

వెంటనే వెళ్లవలసింది. మొదటి ఆదివారం జ్వరం తెచ్చుకున్నాను. రెండో ఆదివారం పరీక్ష పేపర్లు అడ్డం పెట్టుకున్నాను. మూడో ఆదివారం అడ్డం పెట్టుకోవడానికి ఏమీ దొరకక వెళ్లాను. టోపీ ఇంట్లో వదిలేశాను. తంతారేమోనని భయపడ్డాను. తన్నితే బాగుండునని కూడా అనుకున్నాను.

గానుగ చెట్టు కింద గొయ్యి పూడ్చి ఉంది. పక్కన బండ ముక్కలు మూడు పడి ఉన్నాయి. ఉలి దెబ్బలు మధ్యలో పడ్డాయి. పేరున్న చోటు నుగ్గునుగ్గయిపోయింది. ఒకామె నది నుంచి వచ్చి, కడవ దించే చోటు లేక నెత్తిన అట్లాగే పెట్టుకుని నిలబడింది. నన్ను గుర్తుపట్టి, "ఐవారొచ్చినాడే! ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగుతువు రా నాయనా" అంది. తప్పు చేసినవాడికి మర్యాద చేస్తే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

"రాయి..." అన్నాను.

"ఏం చెప్పమంటావు. మా నీరుగంటి మామే నోరు జారినాడంట, తాడిపత్రి సంతలో ఎవురితోనో. ఆయనే వచ్చి రచ్చకట్ట కాడ అందరి ముందర ఒప్పుకున్న్యాడు. పెద్దోళ్లు ఊరుకుంటారా? చెరువు నిండిన పొద్దు గంగపూజకు తొలి టెంకాయ కొట్టి తూము తీసేది ఆయన ఇంటోళ్లు గదా, అది తీసేసినారు. ఇంగ మీద వాళ్ల దాయాది తీస్తాడంట."

అడిగిన మాటకు పూట గడిస్తే గానీ జవాబివ్వని మనిషి సంతలో నోరు జారాడని, పత్రిక ఎవరూ చదవని ఆ ఊరు నమ్మింది. నేను నోరు తెరిచాను. అంతలో ఆయన మంటపం మెట్ల మీద కనిపించాడు, భుజాన పారతో. ఆమె వినేటట్టు, "ఐవారూ, నీళ్లు తాగుతువు రా" అని నా రెక్క పట్టుకుని నదిలోకి లాక్కుపోయాడు.

ఇసకలో చాలాదూరం పోయాక చేయి విడిపించుకుని, పత్రికలో ఊరి పేరు రాసింది నేనేనన్నాను, ఊళ్లోకి పోయి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే ఏమయితాది? రాయి అతుక్కుంటాదా?"

"మీ టెంకాయ మీకు వస్తుంది."

"అట్లయితే నువ్వు రావు. ఈ ఊర్లో నీకు మొగం చెల్లదు. తరిమేస్తారు." ఆయన నా సంచి వైపు చూశాడు. "రాయి పోయినాది. అచ్చరాలు నీ పుస్తకంలో ఉండాయి. అది చదివేటోడు ఈడికి వస్తా పోతా ఉండాల. నన్నయితే యాడికి తరుముతారు? ఈడనే ఉంటా."

ఇందులో క్షమించడం ఎంతో, లెక్క ఎంతో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన చెప్పినట్టే చేశాను. పదేళ్లు నోరు మూసుకున్నాను. అది నాకు సుఖంగా కూడా ఉండిందని ఒప్పుకోవాలి. తరువాత మూడేళ్లకు చెరువు నిండింది. గంగపూజకు నన్ను కూడా పిలిచారు. తూము దగ్గర మేళాలు, జనం. దాయాది టెంకాయ కొట్టాడు. ఆయన కోసం వెతికితే అక్కడ లేడు. కాలువ చిట్టచివర, ఆఖరు మడి దగ్గర పార మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. నీళ్లు వచ్చేదాకా నేనూ ఆయన పక్కనే ఉన్నాను. వచ్చాయి. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గట్టు తెగకుండా చివరి మడి దాకా వచ్చాయి. ఆయన కాలితో తడిమి చూసి, "నీళ్లకు దావ తెలిసినాది" అన్నాడు.

ఆ ఊరివాళ్లకు ఈ రాత ఎవరైనా చదివి వినిపిస్తే, వాళ్లకు చెప్పవలసింది ఒకటుంది. సంతలో నోరు జారలేదు. మీ నీరుగంటి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పినవాడికి మీరు పదేళ్లు మజ్జిగ పోశారు.

ఆయన ఉండగా ఈ మాట చెప్పి ఉండాలి. ఆయనే వద్దన్నాడని సమర్థించుకుంటూ వచ్చాను. కానీ ఆయన వద్దన్న ప్రతిదీ నేను మానుకోలేదు కదా.

రెండో రాకనాటి సాయంత్రం సంగతి ఇంకా మిగిలింది. ఆయన చెలమ తవ్వి, బురదనీళ్లు తోడి పోసి, దూరంగా కూర్చున్నాడు. నన్ను కూడా కూర్చోమని, "చదువు" అన్నాడు. నోటుబుక్కు తీసి చదివాను. దొర పేరు వచ్చింది, పొలం హద్దులు వచ్చాయి. నీరుగంటి పేరు వచ్చినచోట మళ్లీ చదవమన్నాడు. చదివాను. కింద మూడు చుక్కల దగ్గర ఆగిపోయాను.

"ఇంగా ఉండాల గదా. అడుగున రెండు వరసలు."

"అవి రాసుకోలేదు. బస్సుకు టైమైంది" అన్నాను. నా జీవితంలో ఇంత నీచమైన వాక్యం ఇంకొకటి పలికినట్టు గుర్తులేదు.

ఆయన తడి ఇసకను అరచేత్తో చదును చేసి, కళ్లు మూసుకుని, చూపుడువేలితో గీయడం మొదలుపెట్టాడు. ఒక గీత, ఒక సున్న, ఒక కొమ్ము. ఆగి ఆగి, వేళ్లలో ఉన్నది గుర్తుచేసుకుంటూ గీశాడు. ఆయనకు చదువు రాదు. తాను గీస్తున్నది ఏ అక్షరమో తెలియదు. నలభై ఏళ్లుగా రోజూ వేళ్లు తడిమిన వంకరలను అట్లాగే దింపుతున్నాడు. రెండు పంక్తులూ పూర్తిచేసి కళ్లు తెరిచాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పక్క నుంచి చూశాను, ఈ పక్క నుంచి చూశాను. బి.ఏ.కి పావుగంట పట్టింది. ఆయన ఆ అక్షరాలను ఎప్పుడూ కింది నుంచి తడిమినవాడు కనుక అవన్నీ అద్దంలో లాగా తిరగబడి పడ్డాయి. కుడి నుంచి ఎడమకు చదవాలి. చదివాను. ఈ ధర్మమునకు తప్పినవారు గంగ దరిని గోవును చంపిన పాపాన పోదురు, అని ఉంది.

"ఏమని ఉండాది?" అన్నాడు.

"దీన్ని కాపాడినవాళ్ల వంశం చల్లగా ఉంటుందని" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "మా నాయన వేరే చెప్పినాడే. గంగ ఒడ్డున ఆవును సంపిన పాపమని చెప్పినాడు."

తెలిసే గీశాడు. తెలిసే అడిగాడు. దాచడానికి ఇంకేమీ మిగలలేదు. "అదే ఉంది. అది నాకే తగులుతుంది" అన్నాను.

ఆయన తల తిప్పి పెన్నను పైవైపూ, కిందివైపూ చూశాడు. రెండు వైపులా కనుచూపు మేర ఇసక.

"గంగ యాడుండాదప్పా ఈడ? ఇది పెన్న. ఆవు తాగను గూడా నీళ్లు లేవు దీంట్లో. ఆ పాపం ఈడికి రాదులే" అన్నాడు. అని, ఆ రెండు పంక్తులనూ అరచేత్తో చెరిపేసి, చెలమలోకి చూసి, చిప్ప చేతికి తీసుకున్నాడు.

దోసిలి పట్టాను. నీళ్లు తాగుతూ ఏడిస్తే తెలియదనుకుని ఏడ్చాను. ఆయన ఇంకో చిప్ప పోసి, పారకు అంటిన ఇసక తుడుచుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడు.